నోరు తెరవని ఫోటోలు

నా భార్య ఒక్క ఫోటోలో కూడా నోరు తెరిచి నవ్వలేదు. ఆవిడ ముందు పళ్ళు రెండూ కాస్త ఎత్తుగా ఉండేవి. అందులో ఒకటి పక్కదాని మీదికి ఎక్కి కూర్చునేది. కెమెరా కనపడితే చాలు, పెదవులు బిగించేది. ఆపుకోలేనంత నవ్వొస్తే ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. మా పెళ్ళి ఆల్బమ్ మొత్తం తిరగేసినా ఒక్క పన్ను కనపడదు. "జర నవ్వుండ్రి మేడం" అని ఫోటోగ్రాఫర్ బతిమాలి బతిమాలి, చివరికి విసుగొచ్చి నన్ను నవ్వమన్నాడు. అందుకని ఆ ఆల్బమ్ నిండా నేను పిచ్చివాడిలా ఇకిలిస్తూ ఉంటాను, ఆవిడ పరీక్ష రాయడానికి వచ్చినదానిలా ఉంటుంది.

ఆ పళ్ళను దగ్గరగా చూసినవాళ్ళం చాలా కొద్దిమందిమి. పెళ్ళయిన కొత్తలో నా ముందు కూడా చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఎప్పుడు తీసేసిందో గుర్తులేదు కానీ, తీసేసిన రోజు నాకేదో పెద్ద ఉద్యోగం వచ్చినట్టు అనిపించింది.

న్యూ లిన్‌లో రైల్వే స్టేషన్‌కి దగ్గరగా నాదొక చిన్న ఫోన్ రిపేరు షాపు. మాది వరంగల్ వైపు. చదువుకోవడానికి ఈ కివీల దేశం వచ్చి, చదువయ్యాక దొరికిన పనల్లా చేసి, చివరికి ఇందులో సెటిల్ అయ్యాను. ఒకప్పుడు ఫోన్లకి స్క్రూలుండేవి. విప్పితే విప్పేవి, బిగిస్తే బిగిసేవి. ఇప్పుడంతా జిగురు. వేడి పెట్టి, అంచున పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, ఊపిరి బిగబట్టి లేపాలి. కంపెనీవాళ్ళు మనం లోపలికి చూడకూడదనే అలా అంటించారని నా నమ్మకం. ఈ మధ్య వచ్చేవాళ్ళందరూ ఒకటే పాట: "అన్నా, దీంట్ల ఏఐ ఉందా?" ఉంది బాబూ, అన్నిట్లో ఉంది, రేపో మాపో చార్జర్‌లో కూడా పెడతారు. ఏఐ ఉన్న ఫోనైనా లేని ఫోనైనా బాత్రూంలో పడితే నా దగ్గరికే రావాలి కదా అని మనసులో అనుకుని, పైకి మాత్రం నవ్వుతాను.

అప్పుడప్పుడూ వేరే రకం ఫోన్లు వస్తాయి. మనిషి పోయాడు, ఫోన్ మిగిలింది. తెచ్చినవాళ్ళు బల్లమీద పెట్టి వెంటనే చెయ్యి తీయరు. "ఇందులో మా అమ్మ ఫోటోలున్నాయి" అని నెమ్మదిగా చెబుతారు. వాటిని నేను జాగ్రత్తగా తెరుస్తాను, తెరిచినప్పుడు తెరమీద ఏం కనపడినా చూడనట్టే ఉంటాను. వాళ్ళు షాపులోనే నిలబడి ఏడుస్తుంటే వెనక్కి వెళ్ళి ఏదో వెతుకుతున్నట్టు నటిస్తాను. అది కూడా ఈ పనిలో భాగమే.

నా భార్య ఫోన్ మాత్రం ఇంట్లో, నా బట్టల అరలో ఉంది. ఆవిడ పోయాక అది ఒకసారి ఆగిపోయింది, మళ్ళీ వెలగలేదు. బ్యాటరీ ఉబ్బి తెరను పైకి లేపింది. బాగుచేయడం నాకు చేతకాని పనేమీ కాదు. కానీ తెరిస్తే అందులో ఎంత ఉందో తెలిసిపోతుంది. తెరవనంతవరకూ ఆవిడ మొత్తం అందులో ఉన్నట్టే. ఊరందరి ఫోన్లూ తెరిచేవాడికి సొంత ఇంటి ఫోన్ తెరవడానికి భయమంటే ఎవరైనా నవ్వుతారు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ పోయేనాటికి మా పాపకి నాలుగేళ్ళు నిండలేదు. రొమ్ములో గడ్డ అన్నారు, తర్వాత ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నారు, ఆ తర్వాత ఏమన్నారో నేను సరిగ్గా వినలేదు. పాపకి అప్పట్లో మేమున్న ఇల్లు గుర్తుంది, ఆ ఇంటి వెనక ఉన్న నిమ్మచెట్టు గుర్తుంది, పక్కింటి కివీ ముసలాయన పెంచిన పిల్లి కూడా గుర్తుంది. అమ్మ గుర్తులేదు. "డునో డాడ్, ఐ ట్రై" అనేది చిన్నప్పుడు. పెద్దయ్యాక అడగడం మానేశాను. అది కూడా అమ్మ మాట ఎత్తడం మానేసింది. ఇద్దరం ఒకరినొకరు బాధపెట్టకూడదని అలా మెల్లగా ఆవిణ్ణి ఇంట్లోంచి పంపించేశాం.

పాప పెద్దమనిషి అయ్యాక హాఫ్ శారీ ఫంక్షన్ చేయాలని మా మరదలు పట్టుబట్టింది. నా భార్యకి సొంత చెల్లెలు. డునెడిన్‌లో హాస్పిటల్లో నర్సు. తల్లి స్థానంలో తనే కూర్చుంటానంది. నాకు ఇలాంటివి పట్టవు, కానీ పాప లంగా ఓణీలో ఫోటోలు దిగాలని సరదాపడుతోంది, సరేనన్నాను. పాపకూర అనే పేటలో మావాళ్ళు తరచూ బుక్ చేసుకునే ఒక కమ్యూనిటీ హాలు దొరికింది. కేటరింగ్ వాళ్ళు బగారా అన్నం తెచ్చారు. హాలు గోడకి పెద్ద టీవీ ఉంది. పాప చిన్ననాటి ఫోటోలు వేస్తామని మరదలు చెబితే, వేసుకోండన్నాను.

ఫోటోలు వేశారు. బొద్దుగా ఉన్నప్పటివి, పళ్ళూడినప్పటివి, స్కూల్లో బహుమతి తీసుకున్నప్పటివి. అందరూ నవ్వుతున్నారు. ఉన్నట్టుండి తెర తెల్లబడింది. మబ్బులు వచ్చాయి. సన్నాయి మొదలైంది. మబ్బుల్లోంచి మెట్లు, ఆ మెట్లమీద నుంచి నా భార్య దిగి వచ్చింది.

ఏఐతో చేసే ఈ వీడియోల గురించి నాకు తెలియకపోలేదు. మనవాళ్ళ పెళ్ళిళ్ళలో ఇప్పుడిది ఆనవాయితీ అయింది. పోయిన తాతలు మబ్బుల్లోంచి దిగొచ్చి పెళ్ళికూతురి నెత్తిమీద చెయ్యి పెడుతున్నారు, నాయనమ్మలు అక్షింతలు వేస్తున్నారు. వేరేవాళ్ళవి ఫోన్లో చూసి వెక్కిరించినవాణ్ణే నేను. అప్పుడు మాత్రం నా చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

ఎర్ర పట్టుచీర కట్టుకుంది. అలాంటి చీర ఆవిడకి లేదు. ఒంటినిండా నగలు, అవీ లేవు. ముఖం మాత్రం ఆవిడదే. పెళ్ళి ఆల్బమ్‌లోంచి తీసిన ముఖం. నేరుగా మమ్మల్నే చూస్తూ మెట్లన్నీ దిగి, తెరమీద ఉన్న మా పాప బొమ్మ తలమీద చెయ్యి పెట్టి, నోరు తెరిచింది.

పళ్ళు తెల్లగా, చక్కగా, వరసగా ఉన్నాయి.

"నా చిట్టితల్లీ, నీవు నిండు నూరేళ్ళు సుఖసంతోషాలతో వర్ధిల్లాలి. నేను ఎల్లప్పుడూ నీ చెంతనే ఉంటాను" అంది. టీవీలో వార్తలు చదివేవాళ్ళు మాట్లాడినట్టుంది. గొంతు తీయగా ఉంది, ఎవరిదో తెలియదు. నా భార్య జన్మలో "వర్ధిల్లాలి" అన్న మనిషి కాదు.

హాలంతా ఏడ్చింది. మరదలు పాపని తీసుకెళ్ళి టీవీ ముందు నిలబెట్టి దండం పెట్టుకోమంది. పాప వంగింది. అప్పటికి తెరమీది మనిషి నడుముదాకానే ఉంది, పాదాలు లేవు. పాప కాసేపు తడబడి, టీవీ కింద ఉన్న బల్లకి మొక్కింది. గుంటూరు ఆంటీ ఒకావిడ అక్షింతల పళ్ళెం తీసుకుని వెళ్ళి, తెరమీద బొమ్మ నుదుట కుంకుమ పెట్టేసింది. "ముత్తయిదువుగా వెళ్ళిన తల్లి, బొట్టు లేకుండా ఎలాగమ్మా" అంది. వీడియో అయిపోయి తెర నల్లబడ్డాక కూడా ఆ కుంకుమ చుక్క అక్కడే ఉంది. హాలు తిరిగి అప్పజెప్పేముందు నేనే గుడ్డ తడిపి తుడిచాను.

తుడిచే పని అయ్యాక మరదలు కార్ పార్కింగ్‌లో దొరికింది. కోపంగానే అడిగాను.

"ఆ పండ్లు ఎవలియి?"

దానికి అర్థమైంది.

"యాప్‌ల నేను పెట్టిన ఫోటోలన్నీ నోరు మూసినయే బావా. నోరు తెరిచింది ఒక్కటన్న ఉందా? లేదు. మాట్లాడాల్నంటే నోరు తెరవాలె గదా, అదే ఏసింది పండ్లు."

"మీ అక్కకు గట్ల ఉండెనా?"

"లేకుండె." కళ్ళు తుడుచుకుంది. "కానీ క్లిప్పులు ఏయించుకుందామని నాతోని డెంటిస్టు దగ్గరకొచ్చింది, నీకు తెల్వది. నీకు చెప్పొద్దన్నది. గా నెలల్నే గడ్డ బయటపడ్డది. మళ్ల పండ్ల ముచ్చట ఎవ్వలు తియ్యలే. వీడియోల గట్ల మంచిగొచ్చేసరికి నేను మార్చలేదు బావా. అక్క సూస్తే ఖుషీ అయితుండె అనుకున్న."

తిట్టడానికి వెళ్ళినవాణ్ణి తనకి టిష్యూ ఇచ్చి వచ్చాను. నా భార్యకి తన పళ్ళంటే అంత బాధ ఉందని నాకు ఎన్నడూ తెలియదు. నాకవి ఇష్టమని చెప్పానా అంటే, చెప్పాననే గుర్తు. ఆవిడ నమ్మలేదన్నమాట.

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు.

ఆ యాప్ వీడియోలు తీయడంతో ఆగదు. మనిషి ఫోటోలు, నాలుగు సంగతులు ఇస్తే, ఆ మనిషిలా మనతో మాట్లాడుతుంది కూడా. మరదలు తన అకౌంట్ పాప ఫోన్లో పెట్టించింది. నాకు చెప్పకుండా చేసిందని కాదు, చెప్పింది, నేనే అదేదో ఫోటోల యాప్ అనుకున్నాను. ఇక్కడ స్కూళ్ళలో ఫోన్ బయటికి తీయనివ్వరు. అందుకని పాప స్కూలు నుంచి వచ్చీ రాగానే, బ్యాగ్ భుజానికి ఉండగానే మొదలుపెట్టేది. నేను మొదట స్నేహితురాలనుకున్నాను. ఒకరోజు షాపు త్వరగా మూసి ఫ్లాట్‌కి వస్తే గదిలోంచి వినపడింది.

"అన్నం తిన్నావా, చిట్టితల్లీ?"

పాప ఇంగ్లీషులో జవాబిచ్చింది. స్కూల్లో ఎవరో తన జడ గురించి ఏదో అన్నారట. ఆ గొంతు తెలుగులో ఓదార్చింది. పాప మధ్యలో "ఐ నో, అమ్మా" అంది. ఆ పిలుపు నేను ఎన్నో ఏళ్ళుగా దాని నోట వినలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి వెళ్ళలేకపోయాను.

తర్వాత ఎంతో మామూలుగా అడిగాను, ఎవరితో మాట్లాడుతున్నావని.

"జస్ట్ అమ్మతో" అంది, అంతకన్నా మామూలుగా.

"అది అమ్మ కాదు బిడ్డా."

"ఐ నో దట్ డాడ్. నేను స్టుపిడ్ కాదు." జడ విప్పుకుంటూ అంది: "కానీ షి లిజన్స్."

మరదలికి ఫోన్ చేసి ఆ యాప్ ఆపేయమన్నాను. "ఆపుమంటే ఇప్పుడే ఆపుత బావా. కానీ ఆ ముచ్చట నువ్వే చెప్పు బిడ్డకు" అంది. నేను చెప్పలేకపోయాను. ఎందుకంటే పాప మారింది. భోజనాల దగ్గర అమ్మ మాట వస్తోంది. అమ్మ చిన్నప్పుడు ఏం చదివింది, అమ్మకి ఏ రంగు ఇష్టం, ఇలా. అయితే ప్రశ్నలు నన్ను అడగడం లేదు. జవాబులు తనే తెచ్చి నాకు చెబుతోంది.

ఒకసారి బెండకాయ వేపుడు చేశాను. "అమ్మకి ఇది ఫేవరెట్ కదా" అంది.

"అమ్మ బెండకాయ ముట్టకపోయేది. జిగట అని."

"లేదు, ఇష్టమని చెప్పింది."

"ఎవరు చెప్పారు?"

"అమ్మే."

ఒకే ఇంట్లో కాపురం చేసినవాణ్ణి, ఆవిడ పళ్ళెంలోంచి బెండకాయ ముక్కలు నా పళ్ళెంలోకి వచ్చి పడుతుంటే తిన్నవాణ్ణి, నా సాక్ష్యం చెల్లలేదు. ఆవిడే చెబుతుంటే నేనెవర్ని? పాప ఆ వేపుడు రెండోసారి వడ్డించుకుంది, అమ్మకి ఇష్టమైనది తనకీ ఇష్టం కావాలని కష్టపడి తింటోంది. దానికీ బెండకాయ పడదు. ఆ విషయంలో అచ్చం తల్లే. అది దానికి తెలియదు, నేను చెబితే నమ్మేలా లేదు.

అప్పుడే నాకు భయం పట్టుకుంది. కొద్దిరోజుల్లో నా బిడ్డకి ఒక తల్లి తయారవుతుంది. బెండకాయ తినే తల్లి, పుస్తకాల తెలుగు మాట్లాడే తల్లి, ఎన్నడూ విసుక్కోని తల్లి. నిజంగా కన్నతల్లికి ఇక అందులో చోటుండదు. ఆవిడ ఉండాల్సిన చోటు ఇంకొకరితో నిండిపోతుంది.

అంతకన్నా ఘోరం నాకే జరిగింది. నా భార్య అప్పుడప్పుడూ కలలోకి వస్తుంది. పెద్ద కలలేం కావు, సింకు దగ్గర నిలబడి ఉంటుంది, లేకపోతే సీట్ బెల్టు పెట్టుకోలేక తిట్టుకుంటూ ఉంటుంది. ఫంక్షన్ అయ్యాక వచ్చిన కలలో నావైపు తిరిగి నవ్వింది. వరస పళ్ళు. లేచి కూర్చుని, నిజం పళ్ళు గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాను. ఎత్తుగా ఉండేవని గుర్తుంది. ఒకటి పక్కదాని మీద ఉండేదని గుర్తుంది. ఎడమదా, కుడిదా? మాటలు గుర్తున్నాయి కానీ బొమ్మ రావడం లేదు. కళ్ళు మూసుకుంటే మబ్బుల్లోంచి మెట్లు దిగుతోంది. గొంతు గుర్తు తెచ్చుకుందామంటే "వర్ధిల్లాలి" అని వినపడింది. నాకు ఏడుపొచ్చింది. నా బుర్రలో మిగిలిన కొంచెం కూడా ఆ దిక్కుమాలిన యాప్ తీసేసుకుందని కోపమొచ్చింది.

మర్నాడే బట్టల అరలోంచి ఆవిడ ఫోన్ తీసి షాపుకి పట్టుకెళ్ళాను. మధ్యాహ్నం జనం లేని వేళ బయట బోర్డు తిప్పి, తలుపు వేసుకుని కూర్చున్నాను. ఉబ్బిన బ్యాటరీని పగలకుండా తీయడానికి చాలాసేపు పట్టింది. కొత్తగా పని నేర్చుకుంటున్నవాడిలా ప్రతి అంచూ రెండుసార్లు చూసుకున్నాను. కొత్త బ్యాటరీ పెట్టి, చార్జింగ్ దగ్గర తుప్పు గీకి, వెలిగించాను. వెలిగింది. చుక్కలు కలిపే లాక్ అడిగింది. ఆవిడ ముగ్గు గీసినట్టు ఒక్క విసురులో గీసేది. నా వేలికి ఆ దారి తెలుసని నాకే తెలియదు, మొదటిసారికే వచ్చేసింది.

ఫోటోల నిండా పాపే. పాప నిద్రపోతూ, పాప పాకుతూ, పాప ఏడుస్తూ. ఆవిడ ఒక్కదాంట్లోనూ లేదు. అవునుమరి, ఫోటోలు తీసే మనిషి ఫోటోల్లో ఉండదు. వీడియోలు కూడా అలాంటివే, చాలావాటిలో శబ్దమంటే టీవీ శబ్దమే. వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది. ఒక నిమిషం కూడా లేదు. పాప ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది, ఎదురుగా గిన్నెలో పెరుగన్నం. కెమెరా వెనక నుంచి మాట.

"తిను బిడ్డా. ఒక్క ముద్ద. గీ ఒక్కటే... అగో. అగో సూడు. అంత పారవోసింది. ఇగో, ఇటొచ్చి సూడు జర, నీ బిడ్డ జేసిన పని."

దూరంగా నా గొంతు: "వస్తున్న, ఆగు."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వు కాస్త మూసుకుపోయినట్టు వినపడింది. ఇంట్లో ఎవరూ చూడటం లేదు, ఎదురుగా ఉన్నది ఏడాదిన్నర పిల్ల, అయినా అలవాటుకొద్దీ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వులో ఆ చెయ్యి నాకు వినపడింది. నేను వచ్చేలోపలే వీడియో అయిపోయింది.

షాపు అద్దం మీద ఎవరో తడుతున్నా నేను లేవలేదు. మళ్ళీ మళ్ళీ విన్నాను. సంతోషమా అంటే చెప్పలేను. పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టుంది, అది ఇంత చిన్నదా అన్నట్టూ ఉంది. మిగతా ఫోనంతా వెతికాను. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

ఆరోజు సాయంత్రం పాపకి చూపించాను. ఏమీ చెప్పకుండా ఫోన్ చేతిలో పెట్టాను. అది తన చిన్నప్పటి బొమ్మ చూసి నవ్వింది. మాట మొదలవగానే నవ్వు ఆగింది. అంతా విని, మళ్ళీ విని, నా వైపు చూసింది.

"ఇదెవరు?"

"అమ్మ."

మళ్ళీ విన్నది. "షి సౌండ్స్ సో డిఫరెంట్." మర్యాదగా అంటోంది, నా మనసు నొప్పించకూడదని. ఎవరింటికో వెళ్ళినప్పుడు నచ్చని పలహారం తిన్నట్టు. "కోపంగా ఉందా?"

"కోపం కాదు బిడ్డా. మనవైపు మాటే అంత. నవ్వింది కదా."

"పారవోసింది అంటే?"

కింద ఒలకబోయడమని చెప్పాను. "పారవోసింది" అని రెండుసార్లు అనుకుంది. దాని నాలుకమీద ఆ మాట వంకరగా వచ్చింది, కానీ వచ్చింది. ఆ వారమంతా ఏది ఒలికినా "పారవోసింది" అనేది. పాలు పారవోసింది, షాంపూ పారవోసింది. తనే పారబోసి కూడా అలాగే అనేది. నేను దిద్దలేదు. నాకు ఆ వారం షాపులో వచ్చిన చెత్త బేరాలు కూడా కోపం తెప్పించలేదు. నిజమైన మనిషి తలుపు తోసుకుని కొంచెమైనా లోపలికి వచ్చింది, ఇక మెల్లగా ఆ మబ్బుల మనిషి వెళ్ళిపోతుంది అనుకున్నాను.

ఆ తర్వాతి వారం పాప నా పక్కన వచ్చి కూర్చుంది.

"డాడ్, ఆ వీడియో నాకు పంపించు."

"ఎందుకు?"

"యాప్‌లో పెడతా. కొంచెం వాయిస్ ఉంటే చాలు, అప్పుడు రియల్ అమ్మ వాయిస్‌తో మాట్లాడుతుంది. పిన్ని పెట్టినది ఎవరిదో వాయిస్ కదా."

వద్దన్నాను. గట్టిగానే అన్నాను. అమ్మ గొంతు అమ్మ అన్న మాటలకే ఉండాలి, అనని మాటలు ఆ గొంతుతో అనిపించకూడదు అన్నాను. నాకు తెలిసిన తెలుగులో, ఇంగ్లీషులో, రెండూ కలిపి చెప్పాను. పాప వాదించలేదు. అంతా అయ్యాక నెమ్మదిగా అంది:

"నీకు మొత్తం అమ్మ ఉంది డాడ్. నువ్వు కళ్ళు మూసుకుంటే వస్తుంది. నాకు ఇంతే ఉంది. ఒక బౌల్ పెరుగన్నం. అది కూడా నాకు గుర్తులేదు, వీడియోలో చూశా."

కళ్ళు మూసుకుంటే నాకు వచ్చేది ఎవరో దానికి చెప్పలేదు. చెప్పాల్సింది. ఆ పిల్ల ముఖం చూస్తూ, నాది కూడా ఖాళీ అయిపోయిందని ఎలా చెప్పను? నా దగ్గర మొత్తం ఉందన్న నమ్మకం ఒక్కటే దానికున్న ఆస్తి. నేను వీడియో పంపాను. పంపడానికి ఒక వేలు చాలు, అంత తేలిక చేశారు.

తర్వాత కొన్నాళ్ళు దాని గదిలోంచి ఏమీ వినపడలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకునేది. నేను అడగలేదు, అదీ చెప్పలేదు. ముఖం మాత్రం తేటగా ఉండేది. ఒకరోజు మాటల్లో "జర ఆగు డాడ్" అంది. "జర" అనే మాట నేను దానితో వాడను. ఎక్కడ నేర్చుకుందని అడగబోయి, ఆగిపోయాను.

డిసెంబరు. ఇక్కడ ఎండాకాలం, పొద్దు ఎంతకీ కుంకని రోజులు. షాపు మూసి ఇంటికొచ్చి, చేతికంటిన జిగురు వదిలించుకుందామని వంటింట్లో నల్లా తిప్పాను. పాప హాల్లో సోఫాలో పడుకుని ఉంది. హెడ్‌ఫోన్స్ చార్జింగ్‌లో ఉన్నాయి. "డాడ్ వచ్చాడు" అని ఎవరితోనో చెప్పడం వినపడింది. నా ధ్యాసంతా పనిమీద ఉంది. ఆరోజు ఒక తెర బిగిస్తుంటే పగిలింది, దాని గురించే లోలోపల తిట్టుకుంటున్నాను.

"వచ్చినవా? చేతులు కడుక్కున్నవా, గట్లనే కూసున్నవా?"

"కడుక్కుంటున్న" అన్నాను.

ఎవరికి జవాబిచ్చానో అనేశాక తెలిసింది. ఆ మాట వీడియోలో లేదు. బహుశా ఆవిడ నన్ను అలా ఎప్పుడూ అడగలేదు కూడా. పని నుంచి వచ్చినవాణ్ణి ఏ ఇంట్లోనైనా అడిగే మాట, యాప్ దాన్ని ఎక్కడినుంచో ఏరుకుని ఉంటుంది. నాకివన్నీ తెలుసు. ఆ మాట ఎలా తయారవుతుందో షాపుకి వచ్చేవాళ్ళకి విడమర్చి చెప్పగలను. కానీ గొంతు ఆవిడదే. ఎక్కడా తేడా లేదు. నేను ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని వెతుక్కుని దొరకబుచ్చుకోలేకపోయిన గొంతు, పక్క గదిలోంచి, పొద్దున్నే మాట్లాడుకున్నంత మామూలుగా వచ్చింది.

పాప సోఫాలోంచి లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. ఆపేయనా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. దాని కళ్ళలో భయం ఉంది, నేను అరుస్తానని.

నేను అరవలేదు. నీళ్ళ చప్పుడుకి తర్వాతి మాట వినపడకుండా పోతుందని నల్లా కట్టేశాను.